బొడ్డు కోస్తే ఊపిరి వస్తుందా, ఊపిరి వచ్చాక బొడ్డు కోయాలా?

ప్రసూతి_పాఠం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఏఎన్ఎం, జీఎన్ఎం నర్సింగ్ కోర్సుల విద్యార్థినులకు పుట్టిన బిడ్డ మొదటి మూడు రోజుల మీద పాఠం తయారవుతోంది. పాత నోట్సుల్లో ఈ విషయాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు: "బిడ్డ ఏడుస్తుంది, ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి, బొడ్డు కోస్తారు, రక్తప్రసరణ మారిపోతుంది." ఏది ముందు, ఏది తర్వాత, ఏది దేనివల్ల అన్నది అందులో లేదు. పిల్లలు అడిగే ప్రశ్నలన్నీ సరిగ్గా ఆ సందుల్లోంచే వస్తున్నాయి.

ముఖ్యంగా మూడు చోట్ల వివరం కావాలి. మొదటిది, శీర్షికలో అడిగిందే. రెండోది, తొమ్మిది నెలలు నీళ్లలో ఉన్న ఊపిరితిత్తుల్లోని నీరు ఎటు పోతుంది? కాన్పు దారిలో ఛాతీ నలిగి నీరంతా నోట్లోంచి వచ్చేస్తుందని రాస్తే సరిపోతుందా? అదే నిజమైతే సిజేరియన్ బిడ్డల సంగతేమిటి? మూడోది, మొదటి రోజంతా చక్కగా పాలు తాగిన బిడ్డ రెండో రోజో మూడో రోజో ఒక్కసారిగా నీలబడిపోవడం, డీలాపడటం. పుట్టగానే అంతా సర్దుకుంటే ఇదెందుకు జరుగుతుంది?

అంకెలు ఉంటే అంకెలతో చెప్పండి. "కొంచెం", "త్వరగా" అని రాస్తే వార్డులో ఎవరికీ పనికిరాదు.

---

ఎన్‌ఐసీయూ_డెస్క్:

మొదటి ప్రశ్నకు సూటి జవాబు: ఊపిరే ముందు. బొడ్డు కోయడం వల్ల ఊపిరి రాదు. చాలామంది బిడ్డలు క్లాంపు (బొడ్డుతాడును బిగించే క్లిప్పు) పెట్టకముందే కేరుమంటారు. ఒంటికి తగిలే చల్లదనం, తుడిచేటప్పటి రాపిడి, వెలుతురు, రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్, ఇవన్నీ కలిసి మెదడులోని శ్వాస కేంద్రాన్ని తట్టి లేపుతాయి. అయితే క్లాంపు ఎప్పుడు పెట్టారన్నదాన్ని బట్టి గుండె పని తేలికవుతుంది, లేదా కష్టమవుతుంది. అది అర్థం కావాలంటే కడుపులో రక్తం తిరిగే దారిని ముందు బోర్డు మీద గీయండి.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు మాయే ఊపిరితిత్తి. బొడ్డుతాడులో ఒక సిర, రెండు ధమనులు ఉంటాయి. ఇక్కడే విద్యార్థినులు తికమకపడతారు. ఆక్సిజన్ ఉన్న రక్తం వచ్చేది సిరలో, వాడేసిన రక్తం మాయకు తిరిగిపోయేది ధమనుల్లో. సిరలో వచ్చిన రక్తంలో కొంత కాలేయాన్ని తప్పించుకుని డక్టస్ వీనోసస్ అనే అడ్డదారిన గుండెకు చేరుతుంది. కుడి కర్ణికలోంచి ఫొరామెన్ ఓవేల్ అనే రెక్కతలుపును తోసుకుని ఎడమ కర్ణికలోకి, అక్కడి నుంచి మెదడుకూ గుండె కండరానికీ వెళుతుంది. మంచి రక్తం ముందు మెదడుకే అన్నమాట. కుడి జఠరికలోంచి ఊపిరితిత్తుల వైపు వెళ్లిన రక్తానికి మాత్రం అక్కడ చోటుండదు. లోపల నీరు నిండి ఉంటుంది, నాళాలు బిగుసుకుని ఉంటాయి. అందుకే అందులో ఎక్కువ భాగం డక్టస్ ఆర్టీరియోసస్ అనే పిల్లకాలువ గుండా బృహద్ధమనిలోకి మళ్లిపోతుంది.

ఇప్పుడు బిడ్డ గాలి పీల్చింది. గాలి తిత్తులు సాగాయి, ఆక్సిజన్ తగిలింది. బిగుసుకున్న నాళాలు వదులవుతాయి, ఊపిరితిత్తులకు వెళ్లే రక్తం ఎనిమిది నుంచి పది రెట్లు పెరుగుతుంది. అదంతా తిరిగి ఎడమ కర్ణికలోకే రావాలి కదా. అక్కడ ఒత్తిడి పెరిగి రెక్కతలుపు అవతలి నుంచి మూసుకుంటుంది. ఇవతల మాయ తెగిపోవడంతో శరీరంలో రక్తపోటు పెరుగుతుంది.

అసలు కిటుకు ఇది. ఊపిరి పీల్చకముందు ఎడమ గుండెను నింపుతున్నది మాయ నుంచి వచ్చే రక్తమే. అప్పుడే బొడ్డు బిగిస్తే ఆ ధార తెగుతుంది, ఊపిరితిత్తుల ధార ఇంకా మొదలు కాలేదు. ఎడమ గుండెకు రెండు వైపులా ఎండే. గుండె వేగం పడిపోతుంది. ఆస్ట్రేలియాలో గొర్రెపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో దీన్ని స్పష్టంగా చూపించారు. ఊపిరి మొదలయ్యాక బిగించిన పిల్లల్లో ఆ కుదుపు రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఒక నిమిషం కంటే ముందు బిగించొద్దనే. 1 నుంచి 3 నిమిషాలు ఆగితే మాయలోంచి బిడ్డకు 80 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా రక్తం అదనంగా వస్తుంది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తమే దాదాపు 250 మిల్లీలీటర్లు, కాబట్టి అది చిన్న మొత్తమేమీ కాదు. తర్వాతి నెలల్లో ఇనుము నిల్వ కూడా దీన్నే పట్టుకుని ఉంటుంది. బిడ్డ తుడిచినా ఏడవకుండా వేలాడిపోతుంటే మాత్రం నిమిషాలు లెక్కపెడుతూ కూర్చోవద్దు. మన వార్డుల్లో బొడ్డు కోసి, వార్మర్ కిందకు చేర్చి, మొదటి నిమిషం లోపలే బ్యాగ్-మాస్కుతో, అంటే ముఖానికి మాస్కు పెట్టి సంచిని చేత్తో నొక్కుతూ, గాలి అందించాలి.

రెండో ప్రశ్న. ఊపిరితిత్తుల్లోని నీరు బిడ్డ మింగిన ఉమ్మనీరు కాదు. ఊపిరితిత్తుల గోడలే దాన్ని ఊరిస్తాయి. నెలలు నిండిన బిడ్డలో కిలోకు 25 నుంచి 30 మిల్లీలీటర్లు, అంటే మూడు కిలోల బిడ్డకు అరగ్లాసుకు అటూఇటూగా. నొప్పులు మొదలవడంతో బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ ఉప్పొంగుతుంది. దాంతో అదే గోడ పని తిరగబడుతుంది: ఇంతకాలం క్లోరైడ్‌ను బయటికి తోస్తూ నీరు ఊరించిన కణాలు ఇప్పుడు సోడియాన్ని లోపలికి లాక్కుంటూ, వెంబడే నీటినీ పీల్చుకుంటాయి. మిగిలినదాన్ని మొదటి శ్వాసలు గాలి తిత్తుల చుట్టూ ఉన్న కణజాలంలోకి నెడతాయి. అక్కడి నుంచి లింఫు నాళాలూ రక్తమూ కొన్ని గంటల్లో తోడేస్తాయి. ఛాతీ నలగడం వల్ల నోట్లోంచి కారేది అందులో చిన్న వాటా మాత్రమే. పాఠంలో ఆ వాక్యం తీసేయండి.

సిజేరియన్ బిడ్డల చిక్కు అర్థమైంది కదా. కోత వల్ల కాదు, నొప్పులు రాకముందే కోయడం వల్ల. ముహూర్తం చూసుకుని 37వ వారంలోనో 38వ వారంలోనో తీసిన బిడ్డలో గోడ ఇంకా నీరు ఊరించే పనిలోనే ఉంటుంది. పుట్టిన కాసేపటికే నిమిషానికి 60కి మించి ఊపిరి, ముక్కుపుటాలు ఎగరడం, మూలుగు. ఎక్స్‌రేలో తడి ఊపిరితిత్తులు. 24 నుంచి 72 గంటల్లో చాలామందికి తగ్గిపోతుంది, కానీ ఆ మూడు రోజులూ తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వైద్య కారణం లేనప్పుడు 39 వారాలు నిండేదాకా ఆగమని చెప్పేది ఇందుకే. పంచాంగంలో 39వ వారంలోనూ మంచి ఘడియలుంటాయి.

---

లేబర్‌రూం_సిస్టర్:

డాక్టర్ గారు ఊపిరి సంగతి చెప్పారు. చేతులతో చేసే పని నేను రాస్తాను. మీ విద్యార్థినులు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే.

కడుపులో బిడ్డ తల్లి కంటే అర డిగ్రీ వేడిగా ఉంటుంది. అక్కడి నుంచి ఒంటినిండా ఉమ్మనీటి తడితో మన గదిలోకి వచ్చి పడుతుంది. తడి ఆరే కొద్దీ చర్మం వేడి నిమిషానికి 0.3 డిగ్రీల దాకా పడిపోగలదు. మే నెలలో బయట 44 డిగ్రీలున్నా ఇది జరుగుతుంది, ఎందుకంటే లేబర్ రూంలో ఏసీ మనకోసం నడుస్తుంటుంది. గది 25 డిగ్రీలకు తగ్గకూడదు. తల కనబడుతుండగానే ఫ్యాన్లు ఆపేయాలి, తలుపు వేయాలి.

వేడి చేసిన పొడి గుడ్డలు రెండు సిద్ధంగా ఉండాలి. మొదటిదానితో తల, ముఖం, వీపు, చంకలు తుడవాలి. ఆ తుడుపే బిడ్డను ఏడిపిస్తుంది కూడా. ఆ గుడ్డ తీసి అవతల పారేయాలి. ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: తుడిచిన తడిగుడ్డలోనే బిడ్డను చుట్టి ట్రేలో పెట్టేస్తారు. అప్పుడు ఆ గుడ్డే బిడ్డ వేడిని తాగేస్తుంటుంది. పొడి బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనేలా బోర్లా పడుకోబెట్టి, ముఖం పక్కకు తిప్పి, రెండో గుడ్డ వీపు మీద కప్పి, తలకు టోపీ పెట్టాలి. పెద్ద తల, చిన్న ఒళ్లు కదా. వేడి ఎక్కువ పోయేది తల నుంచే. ముక్కు, నోరు కనబడుతున్నాయా అని మధ్యమధ్యలో చూస్తూ ఉండాలి.

కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, వీపు మీద చరచడం, ఇవి మానేయాలి. అరికాలి మీద ఒకటి రెండుసార్లు వేలితో మీటడం, వీపు నిమరడం చాలు. చూషణ, అంటే గొట్టంతో నోరూ ముక్కూ పీల్చి శుభ్రం చేయడం, కూడా అందరికీ వద్దు. అడ్డం ఉంటేనే, ముందు నోరు, తర్వాత ముక్కు. ముక్కులో ముందు పెడితే బిడ్డ ఉలిక్కిపడి లోపలికి పీలుస్తుంది, నోట్లో ఉన్నదంతా ఊపిరితిత్తిలోకి పోతుంది. గొట్టం గొంతులోకి లోతుగా దించితే గుండె వేగం పడిపోతుంది.

బిడ్డకు చలేస్తే వణకదు. మెడ వెనక, భుజాల మధ్య, మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు ఉంటుంది. దాన్ని మండించి వేడి పుట్టించుకుంటుంది. మాయతో సంబంధం తెగాకే ఆ కొలిమి రాజుకుంటుంది. కానీ దానికి ఆక్సిజనూ కావాలి, చక్కెరా కావాలి. చల్లబడ్డ బిడ్డలో ఈ రెండూ ఖర్చయిపోతాయి. ఊపిరి వేగం పెరుగుతుంది, చక్కెర పడిపోతుంది. ఊపిరితిత్తుల నాళాలు మళ్లీ బిగుసుకునే ప్రమాదం కూడా ఉంది. నెల తక్కువ బిడ్డలో ఈ కొవ్వే సరిగ్గా చేరి ఉండదు.

థర్మామీటరు చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ చూపాలి. 36.0-36.4 అంటే చలి ఒత్తిడి, 36 కింద పడితే తగిన వైద్యం కావాలి. థర్మామీటరు లేనిచోట మీ చేతి వెనక భాగంతో పొట్టనూ పాదాన్నీ తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాగుంది. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే అప్పుడే మొదలైందని, వెంటనే తల్లి ఒంటికి చేర్చాలి. రెండూ చల్లబడితే అత్యవసరం.

మొదటి స్నానం 24 గంటల తర్వాతే. ఒంటి మీద తెల్లటి జిడ్డును రుద్ది తీయొద్దు, అది చర్మానికి కాపు. అమ్మమ్మలు ఒప్పుకోరు. "రక్తం మరకలతో ఎలా ఉంచుతారమ్మా" అంటారు. మరకల వరకు తడిగుడ్డతో అద్ది తుడిచి, వెంటనే ఆరబెడితే గొడవ ఉండదు.

---

ప్రసూతి_పాఠం:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక అనుమానం. కడుపులో బిడ్డకు సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ నిండిన శాతం, ఎంత ఉంటుంది? పుట్టగానే పల్స్ ఆక్సీమీటర్ పెడితే 65 చూపిస్తుంది, విద్యార్థినులు బెదిరిపోయి ఆక్సిజన్ పెట్టేస్తారు. నిమిషాల వారీగా ఎంత ఉండాలి?

---

ఎన్‌ఐసీయూ_డెస్క్:

కడుపులో దాదాపు 60 దగ్గరే. పెద్దవాళ్లకైతే ఆ అంకె చూస్తే పరుగులు పెడతాం. బిడ్డకు ఎలా సరిపోతోందంటే, పిండం హిమోగ్లోబిన్ తక్కువ ఒత్తిడిలోనే ఆక్సిజన్‌ను పట్టేస్తుంది. సగం నిండటానికి పెద్దల హిమోగ్లోబిన్‌కు 27 ఎంఎం (పాదరసం) ఆక్సిజన్ ఒత్తిడి కావాలి, దీనికి 20 చాలు. పైగా హిమోగ్లోబిన్ పరిమాణం కూడా ఎక్కువ, పుట్టినప్పుడు డెసిలీటరుకు 16-18 గ్రాములు మామూలే.

కాబట్టి 60 నుంచి మెట్లెక్కుతూ పైకి రావాలి. మొదటి నిమిషానికి 60-65, రెండో నిమిషానికి 65-70, మూడుకు 70-75, నాలుగుకు 75-80, అయిదుకు 80-85, పదో నిమిషానికి 85-95. ఈ అంకెలు గోడకు అంటించండి. ఆక్సీమీటర్ ప్రోబ్ (ఒంటికి తగిలించే భాగం) తప్పనిసరిగా కుడి చేతికే. పిల్లకాలువ కలిసే చోటికి ముందే కుడి చేతికి రక్తనాళం చీలిపోతుంది కాబట్టి మెదడుకు అందుతున్న రక్తం ఎలా ఉందో అది చెబుతుంది. కాలికి పెడితే చెడ్డ రక్తం కలిసిన అంకె వస్తుంది. 35 వారాలు నిండిన బిడ్డకు గాలి ఇవ్వాల్సి వచ్చినా గది గాలితోనే మొదలుపెట్టాలి, అంటే 21 శాతం. బిడ్డకు కావలసింది చాలావరకు ఊపిరితిత్తులు సాగడం, ఆక్సిజన్ సిలిండర్ కాదు. సరిగ్గా గాలి అందుతోందనడానికి మొదటి గుర్తు ఛాతీ లేవడం, ఆ వెంటనే గుండె వేగం 100 దాటడం. ఛాతీ లేవకపోతే మాస్కు అంచు చూడండి, మెడ కొంచెం వెనక్కు వంచండి. భుజాల కింద చిన్న గుడ్డ మడత పెడితే చాలు. మెడ మరీ వెనక్కు వంగినా దారి మూసుకుపోతుంది.

---

ఎకో_గది:

మూడో ప్రశ్న మిగిలింది. దీనికి జవాబు ఒక్క మాటలో: పుట్టగానే అన్ని తలుపులూ ఒకేసారి మూసుకోవు.

రెక్కతలుపు నిమిషాల్లో మూతపడుతుంది, కానీ అతుక్కోవడానికి నెలలు పడుతుంది. పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి అది పూర్తిగా అతుక్కోకుండానే ఉంటుంది, వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. డక్టస్ వీనోసస్ మొదటి వారంలో మూసుకుంటుంది. డక్టస్ ఆర్టీరియోసస్ సంగతే తేడా. కడుపులో దాన్ని తెరిచి ఉంచేది మాయ నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్‌లాంటి పదార్థం, తక్కువ ఆక్సిజన్. పుట్టాక మాయ పోయింది, ఆక్సిజన్ పెరిగింది. దాని గోడలోని కండరం నెమ్మదిగా బిగుస్తుంది. నెలలు నిండిన బిడ్డలో ఒకటి నుంచి మూడు రోజుల్లో పని ఆపేస్తుంది, రెండు మూడు వారాల్లో గట్టి తాడులా మారిపోతుంది.

ఇప్పుడు గుండె నిర్మాణంలోనే లోపం ఉన్న బిడ్డను ఊహించండి. ఊపిరితిత్తులకు వెళ్లే అసలు దారి పుట్టుకతోనే మూసుకుని ఉంది. లేదా బృహద్ధమని ఒకచోట సన్నగా నొక్కుకుపోయి ఉంది. ఆ బిడ్డను మొదటి రోజు నడిపిస్తున్నది ఆ పిల్లకాలువే. అది తెరిచి ఉన్నంతసేపు పాలు తాగుతుంది, ఏడుస్తుంది, పుట్టగానే బిడ్డ స్థితికి పదికి ఇచ్చే అప్గార్ స్కోరు 9 కూడా వస్తుంది. అది మూసుకోవడం మొదలవగానే మొదటి రకం బిడ్డ నీలబడుతుంది. రెండో రకం బిడ్డ నీలబడకపోవచ్చు. తెల్లబారి, చల్లబడి, పాలు వదిలేసి, తొడలో నాడి అందకుండా పోతుంది. చాలాచోట్ల దీన్ని ఇన్ఫెక్షన్ అనుకుని గంటలు పోగొడతారు. పెద్ద ఆసుపత్రికి పంపేముందు తొడ సందులో నాడి ఒక్కసారి వెతికి చూడమని విద్యార్థినులకు తప్పక చెప్పండి. కాలువను తిరిగి తెరవడానికి ప్రోస్టాగ్లాండిన్ ఇ1 డ్రిప్ ఉంది. అది వేస్తూనే గుండె సెంటరుకు పంపాలి. ఆ మందు మీద ఊపిరి ఆగిపోవచ్చు కాబట్టి దారిలో గాలి ఇచ్చే ఏర్పాటు ఉండాలి.

కాలువ మూసుకోకముందే పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది, అయిదు నిమిషాల పని. 24 గంటలు దాటాక కుడి చేతికి, ఏదో ఒక పాదానికి ఆక్సీమీటర్ పెట్టండి. రెండింట్లోనూ 95 లేదా పైన ఉండి, తేడా 3కి మించకపోతే ఇంటికి పంపొచ్చు. ఏ ఒక్కటైనా 90 కింద ఉంటే వెంటనే ఎకో (గుండె స్కాన్). మధ్యలో తచ్చాడుతుంటే గంట ఆగి మళ్లీ ఒక్కసారి, అప్పటికీ తేలకపోతే ఎకోకే. బిడ్డ మెలకువగా, ప్రశాంతంగా, పాదం వెచ్చగా ఉన్నప్పుడు చూడాలి. చల్లటి పాదానికి పెడితే తప్పుడు అంకె వస్తుంది. నొక్కుకుపోయిన బృహద్ధమనిని ఈ పరీక్ష కొన్నిసార్లు తప్పిపోతుంది, అందుకే తొడ నాడి మాట మళ్లీ చెబుతున్నాను.

ఇంకో గందరగోళం. చేతులు, పాదాలు మాత్రమే నీలంగా ఉంటే మొదటి ఒకటి రెండు రోజులు మామూలే, చివర్ల రక్తప్రసరణ ఇంకా కుదురుకోలేదంతే. నాలుక, పెదవుల లోపలి భాగం నీలంగా ఉంటే అది ఎప్పుడూ మామూలు కాదు. చామనఛాయ బిడ్డల్లో చర్మం చూసి మోసపోతాం, నాలుకే చూడాలి.

---

బిడ్డల_వార్డు:

చక్కెర, కామెర్లు, పాలు, విరేచనాలు నాకు వదిలేశారు కాబట్టి రాస్తున్నాను. ఇవి నాలుగు వేర్వేరు పాఠాలుగా చెప్పకండి, ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

కడుపులో చక్కెర తల్లి రక్తంలోంచి నిరంతరం వస్తూనే ఉంటుంది. బొడ్డు తెగగానే ఆ సరఫరా ఆగుతుంది. మొదటి ఒకటి రెండు గంటల్లో బిడ్డ రక్తంలో చక్కెర అట్టడుగుకు పడుతుంది, తర్వాత కాలేయం తన గ్లైకోజెన్ (దాచుకున్న చక్కెర) నిల్వను విప్పుతుంది, మూడు నాలుగు గంటలకు మళ్లీ పైకి వస్తుంది. ఆరోగ్యంగా, నెలలు నిండి పుట్టి పాలు తాగుతున్న బిడ్డకు దీని గురించి సూది గుచ్చక్కర్లేదు. పరీక్ష కావలసింది తక్కువ బరువు బిడ్డలకు, నెల తక్కువ బిడ్డలకు, చక్కెర జబ్బు ఉన్న తల్లుల బిడ్డలకు. ఈ చివరి రకం పెద్దగా, బొద్దుగా ఉంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తల్లి చక్కెర మాయ దాటి వస్తుంది, తల్లి ఇన్సులిన్ రాదు. అందుకని బిడ్డే ఇన్సులిన్ ఎక్కువ తయారుచేయడం అలవాటు చేసుకుంటుంది. బొడ్డు కోశాక చక్కెర ఆగినా ఇన్సులిన్ ఆగదు. రెండో గంట, ఆరో గంట, పన్నెండో గంట, ఇరవై నాలుగో గంట చూడాలి. గ్లూకోమీటరులో డెసిలీటరుకు 40 మిల్లీగ్రాముల కింద ఉంటే చర్య తప్పదు, ల్యాబుకూ పంపాలి. మడమ మధ్యలో కాదు, పక్కన గుచ్చాలి. స్పిరిట్ పూర్తిగా ఆరాకే గుచ్చాలి, తడి మీద గుచ్చితే అంకె తప్పు వస్తుంది. చేతులు అదురుతుంటే ఆ చేతిని మెత్తగా పట్టుకోండి. పట్టుకుంటే ఆగేది అదురు, ఆగకపోతే ఫిట్స్ అనుకోవాలి.

మందు అన్నిటికంటే ముందు ముర్రుపాలు, మొదటి గంటలోనే. మొదటి రోజు ఒక్కోసారికి వచ్చేది ఒకటి రెండు చెంచాలే. బిడ్డ పొట్టకూ అంతే కావాలి. "పాలు పడలేదు" అని తేనె, పంచదార నీళ్లు, గాడిద పాలు పట్టేది ఈ చెంచా లెక్క తెలియకే. తేనెలో బొట్యులిజం అనే కండరాలను చచ్చుబరిచే జబ్బు బీజాలు ఉండొచ్చు, ఏడాది నిండేదాకా వద్దు. గాడిద పాలు అప్పటికప్పుడు వీధిలో పిండి పచ్చివే పోస్తారు, ఆ చేతులూ ఆ గిన్నే ఎక్కడెక్కడ తిరిగాయో.

ముర్రుపాలు విరేచనకారి కూడా. మొదటి 24 గంటల్లో నల్లటి తారులాంటి విరేచనం కావాలి. 48 గంటలు దాటినా కాకపోతే పేగులో అడ్డంకి వెతకాలి. మూడు నాలుగు రోజులకు ఆకుపచ్చగా, ఆ తర్వాత ఆవపిండి కలిపినట్టు పసుపుగా మారాలి. ఈ నల్లటి విరేచనం నిండా బిలిరుబిన్, అంటే కామెర్లలో ఒంటికి పసుపు తెచ్చే పదార్థం, ఉంటుంది. అది లోపలే నిలవుంటే పేగు దాన్ని మళ్లీ రక్తంలోకి పీల్చుకుంటుంది. అంటే పాలు అందని బిడ్డకు కామెర్లు ముదురుతాయి.

కామెర్లు అసలెందుకు వస్తాయంటే, పైన చెప్పిన ఆ 16-18 గ్రాముల హిమోగ్లోబిన్ ఇక అంత అవసరం లేదు. బిడ్డ ఎర్రకణాల ఆయుష్షు 80-90 రోజులే, పెద్దలవి 120. కణాలు విరిగి బిలిరుబిన్ పోగవుతుంది. కడుపులో దాన్ని మాయే తల్లికి పంపేసేది. ఇప్పుడు కాలేయమే చేయాలి, కానీ దాన్ని మార్చే ఎంజైము పుట్టినప్పుడు పెద్దలతో పోలిస్తే ఒక శాతం స్థాయిలో ఉంటుంది. అందుకని రెండో రోజు ముఖం మీద మొదలై, మూడు నుంచి అయిదు రోజులకు ఎక్కువై, తగ్గుముఖం పడుతుంది. మొదటి 24 గంటల్లోనే పసుపు కనబడితే అది మామూలు కామెర్లు కాదు, రక్తం గ్రూపు పడకపోవడంలాంటివి చూడాలి. అరచేతులు, అరికాళ్లు పచ్చబడితే అదే పూట పరీక్ష. విరేచనం సున్నంలా తెల్లగా ఉంటే పైత్యరస నాళాలు మూసుకుపోయాయేమో చూడాలి, దాని ఆపరేషన్ 60 రోజుల లోపు అయితేనే ఫలితం బాగుంటుంది.

ఒక ముఖ్యమైన మాట: పాత బీరువాలో కలరా ఉండలు వేసి దాచిన బట్టలు, దుప్పట్లు బిడ్డకు వాడొద్దు. జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్న బిడ్డలో ఆ వాసనకే ఎర్రకణాలు పగిలి కామెర్లు ఒక్కసారిగా పెరిగిపోతాయి.

తూకం: మొదటి రోజుల్లో 7 శాతం దాకా తగ్గడం సహజం, మూడు కిలోల బిడ్డకు 210 గ్రాములు. 10 శాతం దాటితే పాలు పట్టే తీరు కూర్చుని చూడాలి. 10 నుంచి 14 రోజులకు పుట్టిన బరువుకు రావాలి. మూత్రం మొదటి రోజు ఒకసారైనా, అయిదో రోజు నుంచి ఆరుసార్లు. గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక పడితే రక్తమని బెదరొద్దు, యూరేట్ ఉప్పు అది. అయితే నాలుగో రోజు తర్వాత కూడా కనబడితే పాలు చాలడం లేదని అర్థం. పుట్టగానే తొడకు విటమిన్ కె 1 మిల్లీగ్రాము సూది మరవొద్దు. మాయ దాటి అది చాలా తక్కువ వస్తుంది, తల్లిపాలలోనూ తక్కువే.

---

లేబర్‌రూం_సిస్టర్:

కామెర్లకు పొద్దుటెండలో పెట్టమని ఇప్పటికీ చాలామంది రాసిస్తున్నారు కదండీ. దాని మీద ఒక మాట చెప్పండి.

---

బిడ్డల_వార్డు:

ఆ నమ్మకానికి మూలం లేకపోలేదు. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ బిడ్డలను ఎండలోకి తీసుకెళ్లేవారు. ఎండ తగిలిన చోట పసుపు తగ్గి, గుడ్డ కప్పిన చోట అలాగే ఉండటం అక్కడే గమనించారు. 1958లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన మొదటి ఫొటోథెరపీ (వెలుతురుతో వైద్యం) వ్యాసం ఆ గమనింపు నుంచి వచ్చిందే. పనిచేసేది 460-490 నానోమీటర్ల నీలి వెలుతురు. అది చర్మంలోని బిలిరుబిన్ ఆకారాన్ని మార్చి, కాలేయంతో పనిలేకుండా పైత్యంలోకీ మూత్రంలోకీ పోయేలా చేస్తుంది. ఎండలో ఆ వెలుతురు ఎంత పడుతోందో కొలవలేం. దాంతోపాటు అతినీలలోహిత కిరణాలూ వస్తాయి. బట్టలు విప్పితే చలి, విప్పకపోతే వెలుతురే తగలదు. వైద్యం కావలసినంత కామెర్లుంటే ఎండ చాలదు, అంత లేకపోతే ఎండ అక్కర్లేదు. ఎండలో పెట్టి ఇంట్లో రెండు రోజులు ఆగిపోవడమే అసలు నష్టం.

---

ప్రసూతి_పాఠం:

చివరిగా ఒకటి. ఇళ్లకు వెళ్లే ఆశా కార్యకర్తలు ఊపిరి లెక్కపెట్టేటప్పుడు "మధ్యలో ఆగిపోతోంది" అని కంగారుపడుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?

---

ఎన్‌ఐసీయూ_డెస్క్:

శ్వాస కేంద్రం ఇంకా లయ పట్టలేదు కాబట్టి బిడ్డ నాలుగైదుసార్లు గబగబా పీల్చి, అయిదు పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. రంగు మారకుండా ఉంటే అది సహజం. 20 సెకన్లు దాటినా, అంతకు తక్కువైనా నీలబడినా, ఒళ్లు వేలాడినా సహజం కాదు. అప్పుడు అరికాలు తట్టి లేపుతూనే 108కి ఫోన్ చేయాలి.

ఈ ఆగుడు వల్లే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం పనికిరాదు. గబగబా పీల్చే ముక్క తగిలితే 80 వస్తుంది, ఆగిన ముక్క తగిలితే 20. పాలు తాగి పడుకున్నప్పుడు, ఏడవనప్పుడు, చొక్కా పైకెత్తి పొట్ట కదలికను చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టమనండి. 60 లేదా ఎక్కువ వస్తే కాసేపాగి మరో నిమిషం లెక్కపెట్టాలి. రెండోసారీ 60 వస్తే, లేదా ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే, మూడోసారి లెక్క అక్కర్లేదు. తల్లి ఒంటికి హత్తుకునే ఉంచి బిడ్డను ఆసుపత్రికి తీసుకురావాలి.